శీతకాలము గడచిన పిమ్మట తీగకూరలు విత్తవలసిన అదను

బావిక్రింది మడులలోను పెరడులోను శీతకాలపు పంట తీసి నేల ఖాళీ కాగానే, బీర, సొర, కాకర, పొట్ల మొదలగు తీగకూరలను ఎప్పుడు పెట్టవచ్చునని సంఘ సభ్యులు అడుగుచుందురు. రామగుండము, గోదావరిఖని ప్రాంతములో దీనికి వాడుకలోనున్న సమాధానము “శివరాత్రి పోనిండు” అనునదే. శివరాత్రికి చలి శివశివా యని పోవునను సామెత అందరును ఎరిగినదే. చలి విషయమున ఆ మాట చాలవరకు నిజము. కాని తీగకూరలకు దానినే ముహూర్తముగా గైకొనిన రైతు నష్టపడును.

శివరాత్రి చంద్రుని బట్టి వచ్చు పండుగ. 2023లో అది ఫిబ్రవరి 18వ తేదీన రాగా, 2024లో మార్చి 8వ తేదీన వచ్చినది. పండుగ ముందువెనుకలైనను ఎండలు తమ వేళకు తాము వచ్చుచునే యుండును. తీగ ఎరిగినది సూర్యుని నొక్కనినే. వానకాలపు పంటలకు మృగశిరను, ఆరుద్రను వ్రేళ్లపై లెక్కించు రైతు, వేసవి కూరలకు మాత్రము పండుగకై కాచుకొనియుండుట వింతయే గదా!

మిక్కిలి ముందుగా విత్తుటయు మేలు కాదు. ఈ జాతి విత్తనములకు నేల వెచ్చదనము కావలెను. 25 మొదలు 30 డిగ్రీల వేడిమిలో చక్కగా మొలచును. పుష్యమాసపు చలిలో రాత్రివేడిమి 10 డిగ్రీల సమీపమునకు దిగినపుడు విత్తినచో, గింజ నేలలో నానియుండి క్రుళ్లును. మొలచినదియు పసుపువన్నె తిరిగి ఎదుగక నిలిచిపోవును. దళసరి పెచ్చుగల కాకరగింజకు ఈ బాధ మరింత హెచ్చు. చెలక నేల త్వరగా వెచ్చబడును. నల్లరేగడి తేమ పట్టియుండి ఆలస్యముగా వెచ్చబడును. కావున ఒకే ఊరిలోనైనను చెలకరైతు పది దినములు ముందుగా విత్తవచ్చును.

ఇక ఆలస్యమువలని నష్టము. ఈ తీగలపై మగపూవులు, ఆడపూవులు వేరువేరుగా పూయును. ఆడపూవు క్రింద చిన్న పిందె యుండును. మగపూవునకు కాడ మాత్రమే యుండును. పగలు పొడవై, ఎండ ముదిరినకొలది మగపూవులు హెచ్చి ఆడపూవులు తగ్గును. 40 డిగ్రీలు దాటిన పిదప పుప్పొడి సత్తువ చెడి, పూచిన కొద్ది ఆడపూవులును పిందె కట్టక రాలిపోవును. మే నెలలో 44, 45 డిగ్రీల వరకు కాయు ఈ ప్రాంతపు ఎండ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ లెక్క చూడుడు. బీర విత్తిన 45 మొదలు 55 దినములకు తొలికోతకు వచ్చును. సొర, కాకరలకు మరియొక పది దినములు పట్టవచ్చును. ఫిబ్రవరి 1వ తేదీన విత్తిన బీర మార్చి నెలాఖరుకు తెగి, ఏప్రిల్ నెలంతయు కాయును. మార్చి 8వ తేదీన విత్తినది ఏప్రిల్ చివరకు గాని తెగదు. దాని ముఖ్యమైన కాపు భరణి, కృత్తిక కార్తెల మంటలో పడును. విత్తనము, ఎరువు, పందిరి ఖర్చు రెండింటికిని సమానమే. నీరు మాత్రము రెండవదానికే ఎక్కువ కావలెను; బావులలో నీరు అడుగంటు దినములును అవియే. గోదావరిఖని కార్మిక వాడలలో కూరగాయలకు గిరాకి ఏప్రిల్, మేలలో తగ్గునది కాదు. ఆ వేళ తట్టలో కాయయుండుటయే ముఖ్యము.

కాబట్టి శ్రవణ, ధనిష్ఠ కార్తెలలో, అనగా జనవరి 24 మొదలు ఫిబ్రవరి 18 లోపల, విత్తనము నేలలో పడవలెను. ఆ గడువు దాటినవారు బీర, కాకరలు మాని, త్వరగా కాపునకు వచ్చు దోసను పెట్టుకొనుట మేలు.

మరికొంత ముందడుగు వేయగోరువారికి మోదుగాకు దొప్పల పద్ధతి కలదు. ఉత్తరాషాఢ కార్తెలోనే దొప్పలకు అడుగున చిల్లులు పొడిచి, మట్టి, ఇసుక, బాగుగా చివికిన పశువుల ఎరువు సమపాళ్లుగా కలిపి నింపవలెను. గింజలను ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, పొయ్యిదాపున వెచ్చగా ఉంచి, మొలక కనబడగానే దొప్పకు రెండేసి నాటవలెను. పగలు ఎండలో నుంచి, రాత్రి గోనెపట్టా కప్పవలెను. రెండు మూడు ఆకులు రాగానే దొప్పతోనే పాదులో పెట్టవలెను. ఈ మొక్కల వేళ్లు కదలికను ఓర్వవు. వంగనారు వలె పెరికి నాటినచో చచ్చును. నల్లరేగడి రైతులకు ఈ పద్ధతి మిక్కిలి ఉపయోగము.

ఆడపూవులు హెచ్చుటకు, రెండు మొదలు నాలుగు ఆకుల దశలో లీటరు నీటికి 3 లేక 4 గ్రాముల బోరాక్సు కలిపి చల్లవలెను. గంధకపు మందులు మాత్రము ఈ తీగలపై చల్లరాదు, ఆకులు మాడును. మొదట పూచునవి మగపూవులే గనుక, తొలివారము కాయ కనబడలేదని తీగను పెరికివేయకుడు. తేనెటీగలు తక్కువైన పెరళ్లలో మగపూవును త్రుంచి ఆడపూవునకు తాకించిన పిందె నిలుచును. బీర, సొర పూవులు సాయంకాలమున విచ్చును, కాకర, దోస పూవులు ఉదయమున; ఆ వేళలందే ఈ పని చేయవలెను. బొగ్గులారీలు తిరుగు బాటప్రక్కన పందిరి వేయకుడు. వేరు చోటు లేనివారు ఆకులపై పేరుకొను దుమ్మును వారమునకొకమారు నీళ్లతో కడుగవలెను.

పందిరి చిక్కుడు ఈ వరుసలోనిది కాదు. నాటురకములు పగలు కురుచయైనగాని పూయవు. ఇప్పుడు విత్తినచో వేసవియంతయు నీరు త్రాగి తీగయే సాగును గాని కాయదు. ఆ విత్తనమును బూడిద కలిపి కుండలో దాచి, జూలై, ఆగస్టు నెలలలో పెట్టవలెను.