డక్టు మీది తెల్ల పట్టీ పీకేయవచ్చా?

ప్రశ్న: న్యూజెర్సీలో 1956 నాటి ఇల్లు కొన్నాం. బేస్‌మెంట్‌లో ఏసీ, హీటర్ డక్టుల అతుకుల మీద తెల్ల కాగితం పట్టీలున్నాయి. ఒకటి రెండు చోట్ల అంచులు లేచాయి. పీకేసి కొత్త టేపు వేసుకోవచ్చా?

జవాబు: వద్దండీ, ముట్టుకోకండి. ఆ కాలపు ఇళ్లలో రేకు డక్టుల అతుకులకు చుట్టిన ఇలాంటి పట్టీల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం బాగా ఎక్కువ. కంటితో చూసి ఎవరూ చెప్పలేరు, ల్యాబ్‌లో మైక్రోస్కోపు కిందే తేలాలి. ముక్క మీరే కత్తిరించకుండా, శిక్షణ పొందిన ఇన్‌స్పెక్టర్‌తో తీయించండి.

గట్టిగా అతుక్కుని ఉన్న పట్టీతో పెద్ద భయం లేదు. పొడిగా పీకితేనే చిక్కు. కంటికి ఆనని పోగులు గాల్లోకి లేస్తాయి. బ్లోయర్ తిరుగుతుంటే రిటర్న్ డక్టు వాటిని లాక్కుని పడగ్గదుల దాకా పంచుతుంది. చీపురు పట్టినా అంతే, మామూలు వాక్యూమ్ క్లీనరైతే వెనకనుంచి మళ్లీ గదిలోకే ఊదేస్తుంది. ఊపిరితిత్తుల్లో చేరిన పోగుల వల్ల మెసోథీలియోమా లాంటి క్యాన్సర్ బయటపడటానికి 20 నుంచి 40 ఏళ్లు పట్టవచ్చు. కాబట్టి ఇవాళ దగ్గు రాలేదని ధీమా పడటానికి లేదు.

మన ఊళ్లో ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకుల కింద పెరిగాం, ఏమైందని మాత్రం అనకండి. రేకులో పోగుల్ని సిమెంటు పట్టి ఉంచుతుంది. కోస్తే, పగిలితే అదీ వదులుతుంది. ఈ పాత కాగితమైతే వేళ్ల మధ్య నలిపితే చాలు, పోగులు వదిలేస్తుంది.

పరీక్షలో ఆస్‌బెస్టాస్ ఉందని తేలితే, శిక్షణ పొందిన పనివాళ్లు పైన సీలు వేస్తారు, లేదా తడిపి తీస్తారు. డక్టులే మార్చే ఆలోచన ఉంటే తీయించడమే మేలు. ఈలోగా చవగ్గా డక్ట్ క్లీనింగ్ చేస్తామని ఎవరొచ్చినా, రిపోర్టు చేతికొచ్చేదాకా బేస్‌మెంట్ మెట్లు దిగనివ్వకండి.