అమ్మానాన్నల పుట్టినరోజుకు ఫోటోల గోడ: కొన్ని అనుభవ పాఠాలు

చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల మా చుట్టాల్లో షష్టిపూర్తి అయినా, ఎనభై నిండిన దావత్ అయినా ఫోటోల గోడ పెట్టే పని నాకే అప్పజెబుతున్నారు. మా అమ్మ ఎనభయ్యో పుట్టినరోజుతో మొదలైంది ఇది. వచ్చినవాళ్లు సెల్ఫీలు దిగడానికని కాదు, పెద్దలు నోరు విప్పి చెప్పడానికని నేను ఈ గోడ పెడతాను. ఇన్నేళ్లలో నేర్చుకున్నవి ఈ పని తలపెట్టే పిల్లల కోసం రాస్తున్నాను.

1. పుట్టిన ఏడు తేల్చుకోండి

మా పెద్దల్లో చాలామందికి కాగితాల మీద ఉన్న పుట్టినతేదీ బడిలో సారు అంచనాగా రాసిందే. జనన మరణాల నమోదుకు దేశమంతటికీ ఒకే చట్టం వచ్చిందే 1969లో. వాళ్లనడిగితే ‘పోలీసు యాక్షన్ అయిన ఏడు పుట్టిన’ అంటారు. అంటే నిజాం రాజ్యం మీదికి భారత సైన్యం వచ్చిన 1948 సెప్టెంబరు, సర్వధారి నామ సంవత్సరం. షష్టిపూర్తికి పుట్టిన తెలుగు సంవత్సరం పేరు మళ్లీ రావాలి కాబట్టి ఈ లెక్క పనికొస్తుంది. సహస్ర చంద్ర దర్శనానికి వెయ్యి పున్నములు లెక్కగడితే సుమారు ఎనభై ఏళ్ల పది నెలలు. ఆధార్‌లోని తేదీతో పాటు పెద్దలు చెప్పిన గుర్తునూ గోడ మీద మొదటి చీటీలో రాయండి.

2. అమ్మ పుట్టింటికి వెళ్లండి

అమ్మ కోసం పెట్టిన గోడ మీద నాన్న తరఫువాళ్లే నిండిపోవడం చాలా ఇళ్లలో చూశాను. అమ్మకు పెళ్లికి ముందు కూడా ఒక బతుకుంది. మేనమామల ఇంట్లో, పెద్దమ్మ ట్రంకు పెట్టెలో వెతకండి. లంగా ఓణీలో తోబుట్టువులతో దిగిన ఒక్క ఫోటో దొరికినా దానికి గోడ నడుమ చోటివ్వండి.

3. కష్టం కనిపించాలి

పాత ఫోటోలన్నీ పెళ్లిళ్లవీ తీర్థాలవీ. పొలంలో కలుపు తీస్తుంటే, కూరగాయల గంప ఎత్తుకుంటే, తెల్లవారకముందే మార్కెట్‌కు పూలు పంపుతుంటే ఫోటో తీసినవాళ్లు లేరు. అందుకని రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, బస్ పాస్ మీది ఫోటోలు కూడా సేకరించండి. వాడిన కొడవలి, ఇసుర్రాయి, దిగిన బావి ఇప్పటికీ ఉంటే వాటిని కొత్తగా ఫోటో తీసి పక్కన పెట్టండి. మన ఇళ్లు నిలబడింది ఆ పనితోనే.

4. ఫోటో వెనక, వెనకాల చూడండి

ఏ ఏడాదిదో తెలియకపోతే ఫోటో వెనక స్టూడియో ముద్ర ఉందేమో చూడండి. ఫోటోలో మనుషుల వెనకాల ఉన్న బోర్డులు చదవండి. ‘రంగారెడ్డి జిల్లా’ అని ఉంటే 1978 ఆగస్టు 15 తర్వాతిది. అంతకుముందు మనది హైదరాబాద్ జిల్లానే. ‘మండలం’ అని ఉంటే 1985కు ముందుది కాదు. గండిపేట కట్ట, చిలుకూరు గుడి, బీజాపూర్ రోడ్డు మర్రిచెట్లు కనబడితే చోటు చెప్పడానికి పెద్దలకు నిమిషం పట్టదు.

5. అసలు ఫోటోను గోడకెక్కించకండి

గోడ మీదికి నకళ్లే వెళ్లాలి. గుండుపిన్నులు, ఫెవికాల్, ఎండ, లాన్‌లో రాత్రి మంచు అసలు ఫోటోను పాడుచేస్తాయి. 1980ల నాటి కలర్ ప్రింట్లు నలుపు తెలుపు వాటికంటే త్వరగా వెలిసిపోతాయి కాబట్టి ముందు వాటినే స్కాన్ చేయించండి. పాస్‌పోర్టు సైజు ఫోటోను 1200 డీపీఐలో స్కాన్ చేస్తే నాలుగింతలు పెద్దదిగా అచ్చువేసినా మొహం చెదరదు. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫోటోను లాగకండి, పై పొర ఊడి వస్తుంది. ఫ్లాష్ లేకుండా, నీడపట్టున, అద్దం మీద నుంచే తీసుకోండి.

6. మొహం తెల్లబరచనివ్వకండి

ల్యాబ్‌లో అడగకుండానే రంగు తేలుస్తారు, ముడతలు చెరిపేస్తారు. వద్దని ముందే చెప్పండి. ఎండలో పనిచేసి నల్లబడిన మొహమే మన అమ్మ మొహం. కంప్యూటర్‌తో పాత ఫోటోకు రంగులు వేయిస్తే అసలుది కూడా పక్కనే ఉండాలి. ఆ రంగులు నిజమైనవని మనవలు అనుకోకూడదు.

7. ముందుగా చూపించండి

ఆశ్చర్యపరచాలని దాచిపెట్టకండి. చిన్నప్పుడే పోయిన బిడ్డ, మాటలు లేని అన్నదమ్ములు, తెగిన సంబంధం ఏ ఫోటోలో ఉంటాయో అమ్మానాన్నలకే తెలుసు. ఏది ఉండాలో, ఏది వద్దో వాళ్లే తేల్చాలి. పోయినవాళ్ల ఫోటోలకు మనం బొట్టు పెట్టి దండ వేస్తాం. అందుకే ఆ రోజు ఎవరిది ఎలా ఉంచాలో అడిగి చేయండి. బతికున్న పెద్దల ఫోటో మీద మాత్రం పొరపాటున కూడా పూలదండ పడకూడదు.

8. పేరు, వరుస, ఊరు రాయండి

‘కుటుంబ సభ్యులతో’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఎడమ నుంచి వరసగా పేరు, ఇంటిపేరు, మేనత్తో చిన్నమ్మో ఆ వరుస, ఊరు రాయండి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, చూసేవాళ్లలో సగం మంది కళ్లద్దాల వాళ్లే. అసలు ఫోటోకు వెనకవైపు మెత్తని పెన్సిల్‌తో, ఒత్తకుండా, ఒక మూలన అవే వివరాలు రాయండి. బాల్‌పెన్‌తో రాస్తే ముందువైపు గీతలు పడతాయి.

9. గోడ ముందు కుర్చీ వేయండి

నిలబడేవాళ్ల ఎత్తుకు కాదు, కూర్చున్న అమ్మ చూపు ఎత్తుకు ఫోటోలు అమర్చండి. పక్కన ఒక మనవణ్ణో మనవరాలినో కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు పెట్టమనండి. ‘ఇదెవరు నాయనమ్మా?’ అని అడిగితే చాలు. డీజే చప్పుడు ఆ కాసేపు ఆపించండి.

ఒకరి పుట్టినరోజు వచ్చేదాకా ఆగాల్సిన పని కాదిది. ఫోటో మిగిలి పేరు పోతే అది ఎవరికీ చెందని కాగితం. పేర్లు చెప్పగలిగినవాళ్లు ఇంట్లో ఉన్నప్పుడే, వచ్చే ఆదివారమే ఫోటోల పెట్టె దించి పెన్సిల్ చేతికి తీసుకోండి.