స్పిండిల్ విద్య మూడు నెలల్లో రాదు

మెకానికల్ బ్రాంచి అంటే గ్రీజు మరకలూ చాలీచాలని జీతమూ అనీ, కంప్యూటర్ సైన్సు సీటు దొరికితే బిడ్డ ఒడ్డున పడ్డట్టే అనీ తెలుగు తల్లిదండ్రుల్లో పాతుకుపోయిన నమ్మకం, కౌన్సెలింగ్ రోజులు రాగానే పిల్లల ఇష్టాన్ని పక్కకు నెట్టి, మేనేజ్‌మెంట్ కోటా ఫీజు కోసం పొలం తాకట్టు పెట్టించేదాకా పోతుంది. దానికి తోబుట్టువు లాంటి భ్రమ మరొకటి ఈమధ్య బయలుదేరింది. మెకానికల్‌లో చేరిన కుర్రవాణ్ణి కంప్యూటర్ ఆదేశాలతో నడిచే సీఎన్‌సీ యంత్రాల మీద మూడు నెలల ప్రోగ్రామింగ్ కోర్సులో కూర్చోబెడితే ఉద్యోగం వచ్చితీరుతుందన్నదే ఆ భ్రమ. యంత్రం లోపలి పని ఎంత సూక్ష్మమైనదో పిల్లలకు ఎవరూ చూపించకపోవడం వల్లనే ఈ రెండూ పుట్టాయి. స్పిండిల్ బేరింగులకు ఇచ్చే ప్రీలోడ్ సంగతి ఒక్కటి తెలుసుకున్నా ఆ లోతు అర్థమవుతుంది.

మిల్లింగ్ యంత్రంలో కట్టర్‌ను, గ్రైండింగ్ యంత్రంలో సానరాయిని పట్టుకొని తిరిగే ఇరుసే స్పిండిల్. దాన్ని ఎక్కువగా మోసేవి యాంగ్యులర్ కాంటాక్ట్ బాల్ బేరింగులు. వీటిలో బంతులు రింగులను సాధారణంగా 15 లేదా 25 డిగ్రీల ఏటవాలుగా తాకుతాయి కనుక, ఒక్కో బేరింగు అడ్డంగా పడే బరువుతోపాటు ఇరుసు వెంబడి ఒక దిక్కు నుంచి వచ్చే తోపును మాత్రమే ఆపగలదు, రెండో దిక్కుకు మరో బేరింగును ఎదురుగా జతచేయాలి. ఆ జతను బిగించేటప్పుడు బంతులకూ రింగులకూ నడుమ సందు పూర్తిగా పోయి, కోత బలం పడకముందే అవి ఒకదాన్నొకటి కాస్త ఒత్తుకొని ఉండేలా ముందుగా ఇచ్చే బలాన్ని ప్రీలోడ్ అంటారు. ఇరుసు దగ్గర కాస్త వదులున్నా ఎడ్లబండి ఊరు చేరుతుంది గాని, నిమిషానికి ఇరవై వేల చుట్లు తిరిగే స్పిండిల్‌కు ఆ వెసులుబాటు లేదు.

ప్రీలోడ్ తక్కువైతే స్పిండిల్ దృఢత్వం తగ్గి, కోతలో అదురు పుట్టి, పనిముక్క మీద అలల్లాంటి గీతలు పడతాయి, వేగం పెరిగినకొద్దీ బంతులు దొర్లడానికి బదులు జారి రింగుల నునుపును చెరుపుతాయి. ఎక్కువైతే రాపిడి, దాని వెంట వేడి. అసలు చిక్కు ఈ వేడి దగ్గరే ఉంది. బయటి రింగును చుట్టూ ఉన్న హౌసింగ్ చల్లబరుస్తుంటే, ఇరుసుతోపాటు తిరిగే లోపలి రింగుకు వేడి వదిలించుకునే దారి తక్కువ కాబట్టి, అది ఎక్కువ వేడెక్కి, దానికి తోడు అపకేంద్ర బలానికి కూడా వ్యాకోచించి, బంతులను బయటి రింగు మీదికి నొక్కుతుంది. 70 మిల్లీమీటర్ల ఉక్కు రింగు 10 డిగ్రీలు అదనంగా వేడెక్కితే దాని వ్యాసం సుమారు 8 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు ఎనిమిది, పెరుగుతుంది. దాంతో ప్రీలోడ్, ప్రీలోడ్‌తో రాపిడి, రాపిడితో మళ్లీ వేడి పెరుగుతూ పోయి, అదుపు తప్పితే బేరింగు పట్టేస్తుంది.

దీన్ని అదుపులో ఉంచే పద్ధతుల్లో మొదటిది, రెండు బేరింగుల మధ్య లోపలా బయటా పెట్టే స్పేసర్ల పొడవుల తేడాతో ప్రీలోడ్‌ను స్థిరపరచడం. దృఢత్వం బాగా దక్కినా, వేడి తెచ్చే మార్పును సర్దుకునే గుణం దీనికి లేదు. రెండోది స్ప్రింగుల పద్ధతి, ఇందులో ఇరుసు వేడికి సాగినా స్ప్రింగు ఆ మార్పును తనలోకి తీసుకొని బలాన్ని దాదాపు ఒకేలా ఉంచుతుంది, బదులుగా దృఢత్వం కొంత తగ్గుతుంది. నెమ్మదిగా సాగే బరువైన కోతలకు ఎక్కువ, అధిక వేగంలో తక్కువ ప్రీలోడ్ అందేలా హైడ్రాలిక్ పిస్టన్‌తో మార్చే ఏర్పాటు మూడోది. ఉక్కు బంతుల బరువులో దాదాపు నలభై శాతమే తూగే సిలికాన్ నైట్రైడ్ బంతులు వాడితే అపకేంద్ర బలం బాధ కూడా తగ్గుతుంది.

స్పిండిల్ మరమ్మతు చేసే ఫిట్టర్ చేతిపనిని దగ్గరగా గమనించాలి. స్పేసర్లు రెండింటినీ సర్ఫేస్ గ్రైండర్ మీద పక్కపక్కనే పెట్టి ఒకే విడతలో సానపట్టి పొడవులు సమానం చేశాక, వీపులు కలిపి అమర్చిన జతలో ప్రీలోడ్ తగ్గించాలంటే బయటి స్పేసర్ నుంచి, పెంచాలంటే లోపలిదాని నుంచి లెక్క ప్రకారం కొన్ని మైక్రాన్లు తీస్తారు. 50 మిల్లీమీటర్ల స్పేసర్ అరచేతి వేడికి 5 డిగ్రీలు ఎక్కితే చాలు, దాదాపు 3 మైక్రాన్లు పొడవవుతుంది గనుక, అది మళ్లీ గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా కొలవకుండా ఆగుతారు. బిగింపు పూర్తయ్యాక కూడా వేగాన్ని మెట్టు మెట్టుగా పెంచుతూ, ప్రతి మెట్టులో వేడి నిలకడపడే వరకు కాచుకోవాలి, తొందరపడి ఒక్కసారిగా పూర్తి వేగానికి తీసుకుపోతే గ్రీజు సర్దుకోక కొత్త బేరింగే చెడుతుంది.

మూడు నెలల కోర్సు ఇవ్వలేనిది సరిగ్గా ఈ ఓపికనే. అక్కడ నేర్పే జీ-కోడ్ అనే ఆదేశాల భాష యంత్రాన్ని నడపడానికి పనికొస్తుంది, దాన్ని తప్పుపట్టాల్సిన అవసరం లేదు. అయితే నూరు శాతం ప్లేస్‌మెంట్ అని ఫ్లెక్సీ కట్టి, వాయిదాల మీద అప్పు ఇప్పించి మరీ చేర్చుకునే శిక్షణ కేంద్రాల్లో లోహాన్ని కోసే యంత్రం ఉందా, తెర మీద బొమ్మ కోసే సిమ్యులేటర్ మాత్రమే ఉందా అన్నది ఫీజు కట్టకముందే కళ్లారా చూసుకోవాలి. ఒక్కో విద్యార్థికి యంత్రం మీద ఎన్ని గంటలు దక్కుతాయో రాతపూర్వకంగా అడిగితే మాట మార్చే చోట పైసా కట్టకూడదు. లేబొరేటరీలో లేతు యంత్రాలకు గుడ్డ కప్పి ఉంచే ఇంజినీరింగ్ కాలేజీల విషయంలోనూ ఇదే నియమం.

యంత్రాల మీద నిజమైన మక్కువ ఉన్న పిల్లలకు ఇంటర్ కార్పొరేట్ కాలేజీ హాస్టలు కంటే అచ్చులూ పనిముట్లూ తయారుచేసే టూల్‌రూమ్ దారే మేలు. హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో పదో తరగతి తర్వాత ప్రవేశ పరీక్షతో నాలుగేళ్ల టూల్, డై అండ్ మౌల్డ్ మేకింగ్ డిప్లొమా చేయవచ్చు. పాలిసెట్ ద్వారా మెకానికల్ డిప్లొమా, ఐటీఐలో ఫిట్టర్ లేదా మెషినిస్ట్ ట్రేడ్ కూడా ఉన్నాయి. డిప్లొమా తర్వాత పరిశ్రమలో అప్రెంటిస్‌గా పనిచేసి, ఆపైన ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరిన విద్యార్థికి ఉష్ణ ప్రసారం, కంపనాల పాఠాలు పరీక్షకు బట్టీపట్టే సూత్రాల్లా కాక తాను చేత్తో పట్టి చూసిన విషయాల్లా కనిపిస్తాయి. యంత్ర పరికరాల పరిశోధనకు 1962లో ఏర్పడిన బెంగళూరు సీఎంటీఐ, స్పిండిల్ మరమ్మతు వర్క్‌షాపులు, బేరింగు కంపెనీల సాంకేతిక విభాగాలు, పెద్ద కర్మాగారాల మెయింటెనెన్స్ విభాగాలు ఈ విద్య ఉన్నవారికి పని దొరికే చోట్లు.

తొలి ఏళ్లలో స్టైపెండ్ స్వల్పంగానే ఉంటుందనీ, షిఫ్టులు, నిలబడి చేసే పని తప్పవనీ పిల్లలకు ముందే చెప్పాలి, మరుసటి ఏడాదే ఇంటి అప్పు తీర్చాల్సిన కుటుంబం ఈ దారిని ఆలోచించి ఎంచుకోవాలి. గచ్చిబౌలిలో కుదురుకున్న పెద్దనాన్న కొడుకుతో ప్రతి పండక్కీ పోల్చి పిల్లవాడి మనసు విరగ్గొట్టడం మాత్రం ఏ కుటుంబానికీ తగదు. ఇది ఆడపిల్లల పని కాదనే మాటకూ ఆధారం లేదు, ఎందుకంటే స్పిండిల్ బరువును ఎత్తేది హాయిస్టు, మనిషి నుంచి ఆ పని అడిగేది చూపు, లెక్క, నిదానం.

సీట్ల ఆప్షన్లు పెట్టే తేదీకి ముందే తల్లిదండ్రులు అనుమతి తీసుకొని, పిల్లలను వెంటబెట్టుకొని బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో ఒక వర్క్‌షాపులో రెండు గంటలు నిలబడి చూడాలి, చూశాక పిల్లలు వద్దంటే ఆ మాటనూ అంతే మన్నించాలి.