ఓడిపోయామనుకున్న ఆట - కంప్యూటర్‌కు పెట్టిన పరీక్ష

జగ్గయ్యపేట హాస్టల్లో ఉండగా మేము ఒకసారి నందిగామకు చదరంగం పోటీలకు వెళ్లాం. మాలో ఒకడు ఆట చివర్లో అవతలివాడి బంటు ఇక అందదని లెక్కేసి, ఓటమి ఒప్పుకుని లేచి వచ్చేశాడు. అలాంటి ఆటను కూడా ఒక్కోసారి నిలబెట్టుకోవచ్చని మాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. తమ్ముళ్లకు ముందే తెలియాలని ఈ పాఠం రాస్తున్నాం.

బోర్డు పరచండి. తెల్ల రాజు హెచ్8, తెల్ల బంటు సి6. నల్ల రాజు ఎ6, నల్ల బంటు హెచ్5. ఎత్తు తెల్లవాళ్లది. డ్రా చేయాలి. 1921లో రిచర్డ్ రెటి కూర్చిన సమస్య ఇది.

నల్ల బంటు మన రాజుకు అందనంత దూరంలో ఉంది. మన బంటేమో నల్ల రాజు చేతికి చిక్కేలా ఉంది. అయినా రాజును జి7, ఎఫ్6, ఇ5 మీదుగా ఐమూలగా నడిపించండి. ఇ5కు చేరేసరికి రెండు దారులుంటాయి. నల్ల రాజు మన బంటును తింటే, మనం ఎఫ్4కు వెళ్లి వాళ్ల బంటును పట్టుకుంటాం. అది ముందుకు పరుగెత్తితే, మనం డి6కు వెళ్లి మన బంటును మంత్రిని చేసుకుంటాం. లెక్కల క్లాసులో ఐమూల గీత పొడవు. చదరంగం రాజుకు మాత్రం హెచ్8 నుంచి హెచ్1కు 7 అడుగులే, ఎ1కు కూడా 7 అడుగులే. కిటుకంతా అక్కడే ఉంది.

ఈ సమస్యను స్టాక్‌ఫిష్ అనే ఉచిత ప్రోగ్రాంకు ఇచ్చాం. క్షణంలో డ్రా అని చెప్పింది. మరి కంప్యూటర్‌కు కష్టమైన ప్రశ్నే లేదా?

ఉంది. నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ బ్రూకెలెన్ ఒక సమస్య కూర్చాడు. 1987లో బ్రస్సెల్స్‌లో ప్లాస్కెట్ దాన్ని గ్రాండ్‌మాస్టర్ల ముందుంచితే, మాజీ ప్రపంచ ఛాంపియన్ తాల్ సాధించాడు. అందులో తెల్లవాళ్లు బంటును మంత్రిని చేసి, వెంటనే ఆ మంత్రిని వదులుకుంటారు. చివరికి ఒక్క శకటుతో, రాజు తోడుతో, ఒక్క బంటు సాయంతో ఆట కడతారు. నల్లవాళ్లు తమ బంట్లను మంత్రులుగా కాక గుర్రాలుగా మార్చుకున్నా ఆగదు.

2022లో పరిశోధకులు ఈ సమస్యతోనే స్టాక్‌ఫిష్‌ను, లీలా అనే ప్రోగ్రాంను పరీక్షించారు. స్టాక్‌ఫిష్‌దే పైచేయి అయింది. స్టాక్‌ఫిష్ సెకనుకు లక్షల స్థానాలు తిరగేస్తుంది. లీలా తనకు మంచివనిపించిన కొద్ది దారుల్నే ఎక్కువగా వెతుకుతుంది. మంత్రిని వదిలే ఎత్తు పైకి చెడ్డగా కనిపిస్తుంది గనక, అలా వెతికేవారికి అది తప్పిపోయే ప్రమాదం ఉంది. మా మిత్రుడు చేసిందీ అదే. పైకి కనిపించినదాన్ని నమ్మి వెతకడం మానేశాడు.

కాబట్టి తమ్ముళ్లారా, ముందు బోర్డు మీద మీరే అరగంట కూర్చోండి. తర్వాతే ఫోను తీయండి. గైడు ముందే తెరిచినవాడికి లెక్క రాదు కదా!

మన రెండు ఊళ్లూ ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నా, పాత కృష్ణా జిల్లా బంధం పోదు. ఆ జిల్లా గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2024 ప్రపంచ ర్యాపిడ్ పోటీలో మొదటి రౌండే ఓడిపోయారు. అయినా 11 రౌండ్లలో 8.5 పాయింట్లతో విజేతగా నిలిచారు. ఆట ముగిసే దాకా కుర్చీ వదలకండి.