ఫ్రీఫ్లైకి ఏ హెల్మెట్? ఫుల్ ఫేస్, ఓపెన్ ఫేస్ ఎంపికలో చేయవలసినవి - చేయకూడనివి

స్కైడైవింగ్‌లో మొదటి లైసెన్సు చేతికొచ్చి, పొట్ట నేలవైపు పెట్టి పడటం అలవాటయ్యాక చాలామందికి మనసు ఫ్రీఫ్లై మీదికి మళ్లుతుంది. కూర్చున్నట్టు, నిలబడినట్టు, తలకిందులుగా పడుతూ తోటివాళ్లతో కలిసి విన్యాసాలు చేసే ఈ పద్ధతి 1990ల తొలి ఏళ్లలో జర్మన్ స్కైడైవర్ ఓలాఫ్ జిప్సర్ లాంటివాళ్ల చేతుల్లో రూపు దిద్దుకుంది. 2015 జూలైలో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, స్కైడైవ్ షికాగో డ్రాప్‌జోన్ (జంపులు చేసే మైదానం)లో 164 మంది తలకిందులుగా పడుతూనే ఒకరి చేతులొకరు పట్టుకుని ప్రపంచ రికార్డు నెలకొల్పారు. టెక్సస్‌లోనో అరిజోనాలోనో ఉద్యోగం చేసుకుంటూ వారాంతాల్లో జంప్ చేసే తెలుగు యువతకు కూడా ఇది అందుబాటులో ఉన్న సరదాయే.

అక్కడే హెల్మెట్ ప్రశ్న వస్తుంది. ముఖమంతా కప్పి ముందు అద్దం ఉండే ఫుల్ ఫేస్ కొనాలా, తల, చెవులు మాత్రం కప్పే ఓపెన్ ఫేస్ కొని గాగుల్స్ పెట్టుకోవాలా? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫ్రీఫ్లై కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఫుల్ ఫేసే మంచిది. అందుకు కారణం మీ ముక్కూ పళ్లూ మాత్రమే కాదు, మీతోపాటు దూకినవాళ్లు కూడా.

పొట్ట మీద పడేటప్పుడు వేగం గంటకు సుమారు 190 కిలోమీటర్లు. ఫ్రీఫ్లైలో అది 240 నుంచి 290 దాకా పోతుంది. వేగం రెట్టింపైతే గాలి ఒత్తిడి నాలుగింతలవుతుంది కాబట్టి, 190 నుంచి 255కి చేరేసరికే గాగుల్స్ మీద, అద్దం గొళ్లెం మీద పడే ఒత్తిడి సుమారు 80 శాతం పెరుగుతుంది. గాలి తగిలే దిక్కూ మారుతుంది. కూర్చున్న భంగిమలో అది గడ్డం కిందనుంచి పైకి వచ్చి గాగుల్స్ కింది అంచును ఎత్తుతుంది. తలకిందులుగా ఉన్నప్పుడు నడినెత్తి మీదుగా వచ్చి పై అంచును లేపుతుంది. పొట్ట మీద పడేటప్పుడు చక్కగా నిలిచిన గాగుల్స్ ఇక్కడ కదలడం మొదలుపెడతాయి.

అప్పుడేం జరుగుతుంది? కళ్లలో నీళ్లు తిరుగుతాయి, చెయ్యి దానంతటదే ముఖం దగ్గరికి పోతుంది. ఫ్రీఫ్లైలో చేతులే చుక్కాని. ఒక చెయ్యి లోపలికి ముడవగానే ఒళ్లు తిరిగిపోతుంది, పట్టు తప్పుతుంది, కొత్తవాళ్లయితే వెల్లకిలా పడో పొట్ట మీదికి వచ్చేసో ఆగుతారు. ఒక్కసారిగా వేగం గంటకు 60 కిలోమీటర్లకు పైగా తగ్గిపోతుంది. దీన్నే కార్కింగ్ అంటారు. మీ పైన ఉన్న మనిషి మాత్రం పాత వేగంతోనే వస్తుంటాడు. తప్పుకునే వ్యవధి అతనికి ఉండదు. ఫ్రీఫ్లైలో భయపడవలసిన ప్రమాదం ఇదే. అందుకే నేను హెల్మెట్‌ను ఒకే కొలతతో చూస్తాను: విమానం తలుపు దాటిన క్షణం నుంచి పారాచూట్ తెరుచుకునేదాకా చెయ్యి ముఖం వైపు వెళ్లవలసిన అవసరం రాకూడదు.

చేయవలసినవి

కొనేముందు తలమీద పెట్టుకుని కనీసం పావుగంట ఉంచండి. నుదుటి దగ్గర ఒకేచోట నొక్కుకుంటుంటే అది మీ తల ఆకారానికి తగింది కాదు. చేత్తో పట్టుకుని పక్కకు తిప్పితే చెంపల చర్మం కూడా దానితో కదలాలి. స్ట్రాప్ బిగించాక, వెనక అంచు పట్టుకుని ముందుకు దొర్లించి ఊడదీయడానికి గట్టిగా ప్రయత్నించండి. ఊడి వస్తే ఆ హెల్మెట్ వద్దు. కూర్చున్న భంగిమలో గాలి హెల్మెట్‌ను కిందనుంచి ఎత్తుతుంది కాబట్టి ఫ్రీఫ్లైలో గడ్డం కింది స్ట్రాప్‌కు ఎంతో విలువుంది. తర్వాత రిగ్, అంటే పారాచూట్లు ఉండే సంచి, కూడా తగిలించుకుని తల వెనక్కి వంచి చూడండి. హెల్మెట్ వెనక అంచు రిజర్వ్ పారాచూట్ సంచికి తగిలి ఆగిపోతే, తెరుచుకున్న పారాచూట్‌ను తలెత్తి చూసుకోవడం కష్టమవుతుంది.

జుట్టు పొడవుగా ఉన్నవాళ్లు జడ అల్లి సూట్ లోపలికి దోపుకోండి. నడినెత్తిన ముడి వేస్తే హెల్మెట్ పైకి లేచి కూర్చుంటుంది. రోజూ జంప్ చేసేటప్పుడు జుట్టు ఎలా ఉంటుందో అలాగే ఉంచి హెల్మెట్ సైజు చూసుకోవాలి. కళ్లజోడు ఉన్నవాళ్లకు ఫుల్ ఫేస్ హాయి. జోడు కాడలు చెవుల దగ్గర నొక్కుకోకుండా ఉండే మోడల్ చూసుకుంటే చాలు. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు ఓపెన్ ఫేస్ తీసుకుంటే గాగుల్స్‌లోకి గాలి చొరకుండా మరింత జాగ్రత్త పడాలి.

పరీక్షల గురించి అడగండి. మన దగ్గర బైకు హెల్మెట్ కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూస్తాం. స్కైడైవింగ్ హెల్మెట్లలో దెబ్బకు తట్టుకునే పరీక్ష జరగకుండానే అమ్ముడయ్యేవి ఇప్పటికీ ఉన్నాయి. పారాగ్లైడింగ్ వంటి గగన క్రీడల కోసం యూరప్‌లో ఇ.ఎన్. 966 అనే ప్రమాణం ఉంది. ప్రత్యేకంగా స్కైడైవింగ్ కోసం ఫ్రాన్స్‌లో ఎక్స్.పి. ఎస్ 72-600 అనే ప్రమాణం వచ్చింది. ఆస్ట్రేలియా కంపెనీ కుకీ తయారుచేసే జీ4 ఫుల్ ఫేస్ ఆ ఫ్రెంచి ప్రమాణానికి నిలిచింది. ముఖం కప్పినంత మాత్రాన తలకు రక్షణ ఎక్కువని అనుకోవడానికి లేదు. పరీక్షకు నిలిచిన ఓపెన్ ఫేస్, ఏ పరీక్షా లేని ఫుల్ ఫేస్ ఎదురుగా ఉంటే నెత్తికి తగిలే దెబ్బ విషయంలో మొదటిదాన్నే నమ్ముతాను. ముఖానికి తగిలే మోకాలు, బూటు, మోచేయి విషయంలో మాత్రం ఓపెన్ ఫేస్ ఏమీ చేయలేదు. దగ్గర దగ్గరగా ఎగరడం నేర్చుకునే రోజుల్లో ఎక్కువగా తగిలేవి అవే.

ఫుల్ ఫేస్‌తో వచ్చే ఒక చిక్కు సంగతి ఎక్కువమంది ఆలోచించరు. గడ్డం ముందు భాగం కింది చూపును కొంత మింగేస్తుంది. మెయిన్ పారాచూట్‌ను వదిలించుకునే కటవే హ్యాండిల్, రిజర్వ్ హ్యాండిల్ రెండూ ఉండేది సరిగ్గా ఆ కిందే, ఛాతీ మీద. కాబట్టి కొత్త హెల్మెట్ కొన్నరోజే నేలమీద రిగ్ తొడుక్కుని, అద్దం మూసి, తల ఎంత వంచితే ఆ రెండూ కనిపిస్తాయో చూసుకుంటూ అత్యవసర చర్యలు సాధన చేయండి. చేతి కదలిక, తల వంపు కలిసి ఒకే అలవాటుగా మారేదాకా చేయండి. ఈ సాధన చేయనివాళ్లు ఆ హెల్మెట్‌తో విమానం ఎక్కకూడదనేది నా గట్టి నమ్మకం. గ్లవుజు వేసుకున్న ఒక్క చేత్తో అద్దం తెరవడం, మూయడం కూడా, కుడిచేత్తోనూ ఎడమచేత్తోనూ, అప్పుడే నేర్చుకోండి.

విమానంలో సీట్‌బెల్ట్ తీసే ఎత్తు వచ్చేదాకా హెల్మెట్ తలమీదే ఉండాలి, లేదా కట్టేసి ఉండాలి. పైకి పోయేకొద్దీ చలి పెరుగుతుంది. 13,000 అడుగుల దగ్గర నేలమీదకంటే 25 డిగ్రీల దాకా తక్కువ ఉంటుంది. మూసిన అద్దం లోపల ఊపిరి వదిలితే మంచు పట్టక మానదు. అందుకని పైకి వెళ్లేంతసేపూ అద్దం తెరిచి ఉంచి, తలుపు తెరవడానికి కాస్త ముందు మూయండి. మూశాక రెండు పక్కలా నొక్కి గొళ్లెం పడిందో లేదో చూసుకోండి. రిగ్ పిన్నులు చూసే స్నేహితుడినే అద్దం కూడా చూడమనండి.

ఓపెన్ ఫేసే కావాలనుకునేవాళ్లూ ఉంటారు, వాళ్ల కారణాలు కొట్టిపారేయదగ్గవి కావు. ఊపిరి సాఫీగా ఆడుతుంది, మంచు పట్టదు, విమానంలో మాట వినిపిస్తుంది, చూపు నాలుగు వైపులా పారుతుంది. కోచ్‌కు శిష్యుడి ముఖం, శిష్యుడికి కోచ్ ముఖం కనిపించడం నేర్పేటప్పుడు ఎంతో పనికొస్తుంది. మూసిన హెల్మెట్‌లో ఊపిరాడనట్టు కంగారుపడేవాళ్లు బలవంతంగా ఫుల్ ఫేస్ వేసుకోవడం కంటే ఓపెన్ ఫేస్‌తో స్థిమితంగా ఉండటమే మేలు. అయితే గాగుల్స్ ముఖానికి అతుక్కున్నట్టు ఉండాలి, పట్టీ హెల్మెట్ కిందనుంచి పోవాలి, మొదటి కొన్ని జంపులు ఒంటరిగానో కోచ్‌తోనో చేసి అన్ని భంగిమల్లో అవి నిలుస్తున్నాయని రూఢి చేసుకోవాలి.

హెల్మెట్ ఏదైనా, చెవి దగ్గర మోగే ఆల్టిమీటర్, అంటే ఆడిబుల్, పెట్టుకునే జేబు అందులో ఉండాలి. తలకిందులుగా ఉన్నప్పుడు మణికట్టు ఆల్టిమీటర్ చూడటం తేలిక కాదు. పైగా కాలం తక్కువ. పొట్ట మీద 1,000 అడుగులు పడటానికి సుమారు 5.8 సెకన్లు పడితే, గంటకు 255 కిలోమీటర్ల వేగంలో 4.3 సెకన్లే. పారాచూట్ తెరవడానికి ముందు తోటివాళ్ల నుంచి విడిపోవలసిన ఎత్తు హెచ్చరికను పొట్ట మీది జంపులకు పెట్టుకున్న దానికంటే పైకి, మీ కోచ్ చెప్పినంత మేరకు, మార్చుకోండి. ఫుల్ ఫేస్‌లో గాలి హోరు తగ్గుతుంది. హోరు తగ్గితే వేగం కూడా తగ్గినట్టు అనిపిస్తుంది. ఆ భ్రమలో పడొద్దు.

తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పితే రిజర్వ్ పారాచూట్ తెరిచేది ఆటోమేటిక్ యాక్టివేషన్ పరికరమే. 1991లో వచ్చిన సైప్రెస్ ఇందుకు ప్రసిద్ధి. దాని ఎక్స్‌పర్ట్ రకం, సెకనుకు 35 మీటర్ల కంటే ఎక్కువ వేగంతో సుమారు 225 మీటర్ల ఎత్తుకు దిగేసరికి పనిచేస్తుంది. స్పృహలేని మనిషి పారాచూట్‌ను నడపలేడు కాబట్టి ఎక్కడ పడితే అక్కడ, గాలి ఎటు తోస్తే అటు దిగుతాడు. హెల్మెట్ రెండోసారి అక్కరకొచ్చేది అక్కడ. హెల్మెట్ కొని ఈ పరికరం లేకుండా ఫ్రీఫ్లై చేయడం సగం పని చేసి వదిలేయడమే.

చేయకూడనివి

బైకు హెల్మెట్ వాడకండి. ఇంట్లో ఖరీదైన ఫుల్ ఫేస్ ఉంది కదా అనిపిస్తుంది. అది రోడ్డుమీది దెబ్బకు తయారైంది, కిలోకు పైగా బరువు తూగుతుంది, పక్కచూపును కుదించేస్తుంది. పారాచూట్ తెరుచుకునే కుదుపులో తలమీది ప్రతి గ్రామూ మెడమీద ఎన్నో రెట్ల భారమవుతుంది. ఫ్రీఫ్లై వేగంలో పారాచూట్ అనుకోకుండా తెరుచుకుంటే ఆ కుదుపు మరీ తీవ్రం. మెత్తటి తోలు టోపీలు కూడా ఈ వేగాలకు పనికిరావు.

గాలిలో అద్దం ఊడి తెరుచుకున్నా, గాగుల్స్ ఎగిరిపోయినా కంగారుపడి పొట్ట మీదికి తిరగకండి. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. కళ్లు చికిలించి, అదే భంగిమలో ఉండండి. మీ పైన ఎవరూ లేరని తెలిసేదాకా వేగం తగ్గించవద్దు. విడిపోయే ఎత్తు రాగానే మామూలుగానే పక్కకు జరిగి దూరం పెంచుకుని, పారాచూట్ తెరవండి. నేలమీద ఉండగానే తోటివాళ్లతో ఈ విషయం మాట్లాడుకోండి.

కొత్త హెల్మెట్‌తో మొదటి జంప్‌నే పెద్ద గుంపులో చేయకండి.

హెల్మెట్ మీద కెమెరా బిగించే తొందర వద్దు. యు.ఎస్.పి.ఎ. అనే అమెరికా పారాచూట్ సంఘం 200 జంపులు, సీ లైసెన్సు ఉన్నాకే కెమెరా పెట్టుకోమని సలహా ఇస్తుంది. బయటికి పొడుచుకొచ్చిన కెమెరాకు పారాచూట్ తాళ్లు చిక్కుకుంటే హెల్మెట్‌నే వదిలించుకోవలసి రావచ్చు. అలా ఒక్క లాగుతో విడిపోయే ఏర్పాటు లేని హెల్మెట్ మీద కెమెరా అసలు వద్దు.

పారాచూట్ తెరుచుకోగానే మొదటి పనిగా అద్దం ఎత్తకండి. ముందు పారాచూట్ సరిగ్గా తెరుచుకుందా, మాట వింటోందా, ఎదురుగా ఎవరైనా వస్తున్నారా చూసుకోండి. ఆ తర్వాత ఎత్తండి. అప్పుడు అరుపులూ వినిపిస్తాయి, చూపూ తేటపడుతుంది. చెరువులోనో కాలువలోనో దిగక తప్పని పరిస్థితి వస్తే నీళ్లు తాకకముందే అద్దం తప్పనిసరిగా తెరవాలి.

సాయంత్రం విమానం ఆఖరి ట్రిప్పుకు నల్లద్దం వేసుకోకండి. అద్దాన్ని స్పిరిట్‌తోనూ కిటికీలు తుడిచే ద్రావకాలతోనూ తుడవకండి. నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. గీతలు పడితే మార్చండి.

ఫుల్ ఫేస్ ఉంది కదా అని తెలియనివాళ్ల మధ్యకు, మీ స్థాయికి మించిన జంపుల్లోకి పోకండి. కార్కింగ్‌ను హెల్మెట్ ఆపలేదు, సాధన ఆపుతుంది. ఆ సాధనకు, కిందనుంచి వీచే గాలిలో తేలే విండ్ టన్నెల్ మంచి చోటు. హైదరాబాద్‌లో గండిపేట దగ్గర గ్రావిటీజిప్ ఉంది, సెలవులకు ఇంటికొచ్చినవాళ్లు ముందుగా అక్కడి శిక్షకులతో మాట్లాడి వెళ్లవచ్చు.

చివరిగా పాత హెల్మెట్ల సంగతి. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి నురుగు పొర ఒకసారి నలిగితే మళ్లీ కోలుకోదు. అందుకే చరిత్ర తెలియని హెల్మెట్‌ను సెకండ్‌హ్యాండ్‌లో కొనకండి. మీది దెబ్బ తింటే కొత్తగా వచ్చిన స్నేహితుడికి ఉచితంగా కూడా ఇవ్వకండి. చెత్తబుట్టలోంచి తీసి మరొకరు పెట్టుకోకుండా, స్ట్రాపులు కోసి పారేయండి.