తల ముందా, కాళ్లు ముందా

గన్నవరం

చిరంజీవి అమ్ములుకి తాతయ్య ఆశీస్సులు.

మన ఊరి విమానాశ్రయం మీద నువ్వు రాసిన ఇంగ్లీషు వ్యాసం మీ అమ్మ చదివి వినిపించింది. బాగుంది. అయితే విమానం రన్‌వే మీదికి ‘డైవ్’ చేసిందని రాసిన చోట మీ టీచరు ఎర్రగీత పెట్టారట, ఎందుకో నీకు అర్థం కాలేదట. ఫోనులో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

ఈసారి కేసరపల్లి దగ్గర నిలబడి, దిగే విమానాన్ని నిదానంగా చూడు. మామూలుగా అది 3 డిగ్రీల వాలులో వస్తుంది. కిలోమీటరు దూరం ముందుకొస్తే యాభై మీటర్లు కిందికి దిగుతుందంతే. దానికి ‘డిసెండ్’ అన్న మాట ఉంది. డైవ్ అంటే ముక్కు నేలకు పెట్టి దూసుకురావడం. ప్రయాణికుల విమానం అలా వస్తే లోపలివాళ్ల గుండెలు ఆగిపోతాయి. అది యుద్ధ విమానాల పని. మన విమానాశ్రయమూ రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైనిక స్థావరంగా మొదలైనదే. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. మూడు రోజుల తర్వాత సింహళ తీరంలో హెర్మిస్ అనే బ్రిటిష్ యుద్ధనౌకను ముంచినవి జపాన్ డైవ్ బాంబర్లే. అవి గురి మీదికి దాదాపు నిట్టనిలువుగా దిగి, బాంబు వదిలి, మళ్లీ పైకి లేచేవి.

ఈ మాట అసలు పుట్టిల్లు నీళ్లు. మనం ‘దూకాడు’ అంటే తల ముందో కాళ్లు ముందో చెప్పినట్టు కాదు. ఇంగ్లీషులో కాళ్లు ముందైతే జంప్, తల ముందైతే డైవ్. ఇక్కడ కాసేపు ఆగు, ఇది ప్రాణానికి సంబంధించిన తేడా. ఏలూరు కాలవ వంతెన మీంచి పిల్లలు తలకిందులుగా దూకడం నువ్వూ చూసే ఉంటావు. ప్రకాశం బ్యారేజీ నుంచి వదిలే నీటిని బట్టి కాలవ లోతు మారుతుంది. నిన్న నిలువెత్తున్న చోట ఇవాళ నడుం లోతే ఉండొచ్చు. పైగా మట్టినీళ్లు, అడుగు కనపడదు. తల నేలకు తగిలితే మెడ ఎముక విరుగుతుంది, వెన్నుపాము దెబ్బతిని కాళ్లూ చేతులూ పడిపోతాయి. ఎంత ఈత వచ్చినా ఆ దెబ్బ ముందు పనికిరాదు. ఈ నాలుగు మాటలూ తమ్ముడికి రెండుసార్లు చదివి వినిపించు.

తలకిందులుగా దూకకపోయినా డైవర్ అనిపించుకునేవాళ్లు ఉన్నారు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు, కొట్టుకొచ్చిన భారీ పడవలు గేట్లను గుద్ది అక్కడే చిక్కుకున్నాయి. వాటిని తీయడానికి విశాఖ నుంచి వచ్చిన డైవర్లు నీళ్లలో మునిగి ఇనుమును కోశారు. చెయ్యి చాస్తే చెయ్యి కనపడని బురదనీటిలో, కింద ప్రవాహం లాగుతుంటే చేసిన పని అది. పడవలన్నీ బయటపడడానికి రెండు వారాలు దాటింది. పుష్కరాల్లో ఘాట్ల దగ్గర పెట్టే గజ ఈతగాళ్లు వేరు. వాళ్లు ఊపిరి బిగబట్టినంతసేపే మునుగుతారు. డైవరు గాలిని తనతో తీసుకెళ్తాడు, లేదా పైనుంచి గొట్టంలో తెప్పించుకుంటాడు. మన కొండపావులూరులో ఉన్న జాతీయ విపత్తు స్పందన దళం పదో బెటాలియన్ వాళ్లను వరదల్లో చూసినప్పుడు ఈ పని ఎంత కష్టమో గుర్తు చేసుకో.

విశాఖ బీచిలో కుర్సురా జలాంతర్గామి ఎక్కాం కదా! అదీ డైవ్ చేసేదే. పక్కల ఉన్న ట్యాంకుల్లోకి సముద్రపు నీరు నింపుకొని బరువెక్కి మునిగేది. ఆ నీటిని గాలితో తోసేస్తే పైకి తేలేది.

వీళ్లందరూ కావాలనే కిందికి వెళ్తున్నారు. అందుకే ఈ మాట ఎక్కడ కనపడినా, దిగడం ఎవరి ఇష్టమో చూడమంటాను. పరుగు తీసే బ్యాటరు క్రీజులోకి డైవ్ చేస్తే అది తెగింపు. ఫుట్‌బాల్‌లో ఎవరూ తగలకుండానే పడిపోతే అదీ డైవే, కాని మోసం. రిఫరీ పసుపు కార్డు చూపిస్తాడు. 2024 జూన్ 4న, ఎన్నికల ఫలితాల రోజున, సెన్సెక్స్ ఒక్కరోజులో దాదాపు 4,390 పాయింట్లు పడింది. అలాంటి పతనాన్ని ‘నోస్‌డైవ్’ అంటారు. అక్కడ ఇష్టపడి దిగినవాడు లేడు, విమానం ముక్కు మాత్రం మాటలో మిగిలింది. సినిమాల్లో నాసిరకం బారును డైవ్ అంటారు. నేలమాళిగల్లో ఉండే తాగుడు కొట్లకు అమెరికాలో 19వ శతాబ్దంలో పడిన పేరది. నీ పరీక్షకు అక్కర్లేదు.

భూతకాలం సంగతి ఒకటి మిగిలింది. నువ్వు ‘డైవ్డ్’ అనే రాయి, మన పాఠ్యపుస్తకాల పద్ధతి అదే. అమెరికాలో మీ పెద్దమ్మ పిల్లలు ‘డోవ్’ అంటే తప్పుపట్టకు, అక్కడ అది చెల్లుతుంది. కాగితం మీద దాని అక్షరాలు పావురాన్ని చెప్పే ‘డవ్’ అక్షరాలే కాబట్టి, చదివేటప్పుడు వాక్యం చూసి పలుకు. దిద్దిన వ్యాసం ఆదివారం లోపు నాకు పంపు.

మీ తాతయ్య