తప్పనుకున్న ఆ ఒక్క టీషర్ట్

మెషిన్ లెర్నింగ్ ల్యాబ్‌లో మన మోడల్ 12కి 11 కరెక్ట్‌గా చెబితే, మిగిలిన ఆ ఒక్కటి మోడల్ తప్పే అని రికార్డులో రాసేస్తాం. నిజంగా తప్పేనా? స్కాట్లాండ్‌లో జరిగిన ఒక పరీక్ష చూద్దాం.

పెర్త్‌లో ఉండే జాయ్ మిల్న్ రిటైర్డ్ నర్సు. భర్త లెస్‌కి ముప్పై దాటిన కొత్తలోనే ఆయన ఒంటి వాసన మారిందని ఆవిడ గమనించారు. సరిగ్గా స్నానం చేయట్లేదేమో అనుకున్నారు. సుమారు 12 ఏళ్ల తర్వాత, 45 ఏళ్ల వయసులో, ఆయనకి పార్కిన్సన్స్ వ్యాధి అని తేలింది. ఆ తర్వాత ఎప్పుడో పార్కిన్సన్స్ పేషెంట్ల మీటింగ్‌కి వెళ్తే, అక్కడ అందరి దగ్గరా అదే వాసన!

ఎడిన్‌బరా యూనివర్సిటీ శాస్త్రవేత్త టిలో కునాత్ ఈ సంగతి తేల్చాలనుకున్నారు. ఆరుగురు పేషెంట్లు, ఆరుగురు ఆరోగ్యవంతులు వేసుకుని విడిచిన టీషర్ట్‌లు ఆవిడకిచ్చారు. పేషెంట్లని ఆరుగురినీ ఆవిడ సరిగ్గా పట్టేశారు. కానీ ఆరోగ్యవంతుల్లో ఒకరికి కూడా జబ్బుందన్నారు. 12కి 11 అన్నమాట. ఎనిమిది నెలల తర్వాత ఆ ‘ఆరోగ్యవంతుడి’కి కూడా పార్కిన్సన్స్ బయటపడింది. అంటే ఆవిడ జవాబు తప్పు కాదు, మన లేబులే ఆలస్యంగా వచ్చింది.

లేబుల్ ఎందుకు ఆలస్యమవుతుంది? షుగర్‌కి ఉన్నట్టు దీనికి మామూలు రక్తపరీక్ష లేదు. వణుకు, కండరాల బిగుతు, కదలికల్లో నెమ్మది చూసి డాక్టర్లు గుర్తిస్తారు. అవి కనిపించే సరికే మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు చాలావరకు పోయి ఉంటాయి. అంతకన్నా ఏళ్ల ముందే కొందరిలో వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో అరుస్తూ కాళ్లూ చేతులూ విసరడం మొదలవుతాయి. చేతిరాత చిన్నదైపోవడం కూడా ఒక తొలి గుర్తే. వీటిలో ఒక్కటి ఉన్నంత మాత్రాన పార్కిన్సన్స్ అని భయపడక్కర్లేదు, వేరే కారణాలూ ఉంటాయి. కానీ రెండు మూడు కలిసి కనిపిస్తే డాక్టర్‌కి చెప్పడం మంచిది.

మాంచెస్టర్‌లో పెర్డిటా బారన్ బృందం పేషెంట్ల వీపు మీది జిడ్డుని తీసి, మాస్ స్పెక్ట్రోమీటర్‌తో ఆ వాసన వెనకున్న రసాయనాలని వెతికింది. 2019లో ఫలితాలు ప్రచురించారు. ఇప్పుడున్న మందులు లక్షణాలని తగ్గిస్తాయి గానీ, కణాలు చనిపోవడాన్ని ఆపుతాయని రుజువు కాలేదు. అలా ఆపే మందు కనిపెట్టాలంటే, కణాలు ఇంకా మిగిలి ఉన్నప్పుడే పేషెంట్లు దొరకాలి. ముందుగా గుర్తించడం అందుకే ముఖ్యం.

ఈసారి మీ మెడికల్ డేటాసెట్‌లో ఫాల్స్ పాజిటివ్ కనిపిస్తే వెంటనే కొట్టేయకండి. ఆ మనిషికి ఆ లేబుల్ ఎప్పుడు వేశారో, తర్వాత మళ్లీ ఎవరైనా చూశారో లేదో ఒక్కసారి కనుక్కోండి.